ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు

ప్రశ్న: నా వయసు 38. తిరుపతిలో ఒక సహకార బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు వాడుతున్నా అదుపులో లేదు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటాను. గుండెల్లో మంటకు రోజూ పరగడుపున పాంటాప్రజోల్ పడాల్సిందే. నిద్రలో గురక ఎక్కువని మావారు అంటారు. డైటింగు, నడక, ఆయుర్వేదం, డబ్బా పొడులు అన్నీ అయ్యాయి; తగ్గిన ప్రతిసారీ అంతకు మించి పెరిగాను. చెన్నైలోని ఒక కేంద్రం వారు, ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కడితే బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్ తక్కువ ధరకు చేస్తామని ఫోన్లు చేస్తున్నారు. వారి వాట్సాప్ గ్రూపులోనూ చేర్చారు. యూట్యూబ్‌లో ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు ప్రాణానికే ముప్పు అంటారు. ‘లక్షణమైన కడుపును ఎవరైనా కోయించుకుంటారా’ అని మా అత్తగారు. ఎవరి మాట నమ్మాలి? చేయించుకున్నవాళ్లతో మాట్లాడాలంటే ఎక్కడ దొరుకుతారు?
— ఒక సోదరి, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నా చూపు ముందుగా నిలిచింది పాంటాప్రజోల్ మాట దగ్గర. చెన్నై నుంచి ఫోన్ చేసినవారు ఆపరేషన్ పేరు చెప్పారు, ధర చెప్పారు, గడువు చెప్పారు. మీకు గుండెల్లో మంట ఉందా, ఉంటే ఎన్నాళ్లుగా ఉంది, ఎప్పుడైనా ఎండోస్కోపీ చేయించుకున్నారా అని అడిగినట్టు మాత్రం మీరు రాయలేదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు నిలువుగా కత్తిరించి తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉండేట్టు స్టేప్లర్‌తో మూసివేస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది కనుక, అప్పటికే ఆమ్లం పైకి తన్నుతున్న మనిషికి బాధ ఎక్కువ కావచ్చు. లేనివారికి కొత్తగా మొదలు కావచ్చు. తీసివేసిన భాగాన్ని తిరిగి పెట్టడం కుదరదు. రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో పద్ధతిలో జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరు చేసి, చిన్న పేగును తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయంలోకీ, పేగు మొదటి భాగంలోకీ పోకుండా నేరుగా కిందికి వెళుతుంది. గుండెల్లో మంట ఎక్కువగా ఉన్నవారికీ, షుగర్ అదుపు తప్పినవారికీ వైద్యులు సాధారణంగా బైపాస్ వైపు మొగ్గుతారు. అయితే విటమిన్ల లోపం వచ్చే అవకాశమూ అందులోనే ఎక్కువ. మీకు ఏది తగునో ఎండోస్కోపీ రిపోర్టు చూసిన శస్త్రవైద్యుడు చెప్పవలసిన మాట. ఫోన్‌లో ధర చెప్పే ఉద్యోగి చెప్పవలసింది కాదు.

‘ఎవరి మాట నమ్మాలి’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇందులోనే చాలావరకు ఉంది. మీ సంగతి పూర్తిగా అడిగి తెలుసుకున్న తరువాత చెప్పేవారిని నమ్మండి. అందులోనూ ఆపరేషన్ రోజు గురించి కంటే రెండో ఏడు, అయిదో ఏడు ఎలా ఉంటుందో ఎక్కువగా చెప్పేవారిని నమ్మండి. అడ్వాన్సు మాత్రం కట్టకండి. నెలాఖరు తగ్గింపు ధర చీరల కొట్టులో చెల్లుతుంది గాని, ఆపరేషన్ థియేటర్లో చెల్లదు. ఎండోస్కోపీ, పొట్ట స్కానింగు, థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, ఇనుము, బి12, విటమిన్ డి స్థాయిలు, గుండె పరీక్షలు, మీ గురక సంగతి తేల్చే నిద్ర పరీక్ష, మానసిక వైద్యుని మాట, ఇవన్నీ పద్ధతిగా జరిగితే కొన్ని వారాలు ఎటూ పడతాయి. నెలాఖరులోగా రమ్మనేవారు వీటిలో కొన్నింటినైనా ఎగరవేయక తప్పదు.

ఇక మీరు ఈ ఆపరేషన్‌కు తగినవారేనా అన్నది. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే బీఎంఐ మీకు దాదాపు 43.8. మన దేశంలో ఈ శస్త్రవైద్యుల సంఘమైన ఓస్సీ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటినవారికి, లేదా 30 దాటి బరువు వల్ల వచ్చిన జబ్బులు రెండైనా ఉన్నవారికి శస్త్రచికిత్సను పరిశీలించవచ్చు. పాశ్చాత్య దేశాల్లో 1991 నుంచి చాలాకాలం 40, 35 అనే హద్దులు నడిచాయి. తక్కువ బరువుకే మనవారికి షుగర్, గుండెజబ్బులు వస్తాయి కనుక ఆసియా ప్రజలకు హద్దును తగ్గించారు. ఏ లెక్కన చూసినా మీరు తగినవారే. కాబట్టి ‘నోరు కట్టుకుంటే చాలదా’ అనేవారి మాటకు మీరు కుంగిపోనక్కరలేదు. బాగా పెరిగిన బరువును శరీరం తనదిగా కాపాడుకుంటుంది. తగ్గిన కొద్దీ ఆకలి పెంచి, ఖర్చు తగ్గించి పాత చోటికి లాక్కుపోతుంది. తగ్గిన ప్రతిసారీ అంతకు మించి పెరిగానని మీరు రాసింది సరిగ్గా ఇదే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది గనుక ఆకలి స్వభావమే కొంత మారుతుంది. మనోబలానికి ఇక్కడ పాత్ర ఉన్నా, అది కథలో సగం కూడా కాదు.

యూట్యూబ్‌లోని రెండు పక్షాల సంగతికి వద్దాం. ‘ప్రాణానికే ముప్పు’ అన్నవారి మాటలో భయం ఎక్కువ, లెక్క తక్కువ. అనుభవమున్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ జరిగిన నెలలోపు మరణాలు వెయ్యి మందికి ఒకటి నుంచి మూడు వరకు ఉంటాయి. పిత్తాశయం తీసే ఆపరేషన్ ముప్పుకు ఇది దగ్గరగా ఉంటుంది. కుట్టిన చోట లీకు కావడం నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. మరోవైపు, స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా స్థూలకాయులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు చేయించుకోనివారిలో కంటే తక్కువని 2007లో తేలింది. ‘అద్భుతం’ అనే పక్షం చూపే ఫొటోలు సాధారణంగా మొదటి ఏడాదివి. స్లీవ్, బైపాస్ తరువాత మొదటి ఒకటి రెండేళ్లలో మొత్తం బరువులో సుమారు 25 నుంచి 30 శాతం తగ్గుతారు. మీ విషయంలో ఆ లెక్క 108 నుంచి దాదాపు 76, 81 కిలోల మధ్యకు వస్తుంది. 55 కిలోలకు రాదు. ఆ తరువాత కొంత బరువు తిరిగి పెరగడం చాలామందిలో ఉంటుంది. షుగర్ కొందరికి మందులు అవసరం లేనంతగా తగ్గుతుంది, ముఖ్యంగా జబ్బు పాతబడనివారికీ, ఇన్సులిన్ దాకా రానివారికీ. కొన్నేళ్లకు మళ్లీ తల ఎత్తవచ్చు కూడా. 76 కిలోల దగ్గర ఆగి, షుగర్, గురక, మోకాళ్ల బాధ తగ్గితే అది మీకు విజయమో కాదో ముందే మీలో మీరు తేల్చుకోండి. ఆ ప్రశ్నకు ‘కాదు’ అనిపిస్తే ఆపరేషన్ మీకు నిరాశే మిగులుస్తుంది.

చదవడానికి నమ్మకమైన చోట్లు ఉన్నాయి, కొద్దిగానే. మీకు ఇంగ్లీషు చదవడం అలవాటే కనుక, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్.హెచ్.ఎస్. వారి పేజీలూ, అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎన్.ఐ.డి.డి.కె. వారి పేజీలూ ముందుగా చదవండి. వారు మీకు ఆపరేషన్ అమ్మరు. లాభంతో పాటు నష్టాన్నీ అదే గొంతుతో చెబుతారు. అయితే అక్కడ ఇచ్చే ఆహారపు పట్టికలూ, ఖర్చులూ మనవి కావు; వాటిని వదిలేయండి. ఓస్సీ వెబ్‌సైటులో సభ్యులైన శస్త్రవైద్యుల వివరాలు దొరుకుతాయి. వైద్యుని రిజిస్ట్రేషన్‌ను జాతీయ వైద్య కమిషన్ వారి రిజిస్టరులో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని. మరొక సంగతి. రోగులను ప్రకటనలతో పిలుచుకోవడాన్ని వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నియమాలు ఒప్పుకోవు. బస్సుల వెనక, ఫోన్ తెర మీద ‘ముందు, తరువాత’ బొమ్మలతో కనిపించే ప్రకటనలను ఈ నియమం గుర్తుపెట్టుకుని చూడండి.

నా సలహా ఏమిటంటే, శస్త్రవైద్యుని దగ్గరకు వెళ్లే ముందు ఆపరేషన్ చేయని వైద్యుని దగ్గరకు ఒకసారి వెళ్లండి. మీ ఊళ్లోనే స్విమ్స్‌ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బులు చూసే విభాగం ఉంది. థైరాయిడ్ లోపం, కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే జబ్బు, బరువు పెంచే మందులు వంటి కారణాలు ఏవైనా ఉన్నాయేమో అక్కడ చూస్తారు. మీ షుగర్ మాత్రల్ని సరిచేస్తారు. ఆపరేషన్ కాకుండా వేరే దారి ఉందో లేదో కూడా చెబుతారు. వారానికి ఒకసారి వేసుకునే ఇంజెక్షన్లు, అంటే టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్, బరువు తగ్గించేందుకు 2025 నుంచి మన దేశంలో లభిస్తున్నాయి. మానేస్తే బరువు తిరిగి వస్తుంది, ఖర్చు నెలనెలా ఉంటుంది, అందరికీ పనికిరావు. అయినా మీకు ఆ దారి ఉందా అని అడిగే హక్కు మీకుంది. ఆపరేషన్ మాత్రమే చేసే చోట ఇంజెక్షన్ మాట రాదు, ఇంజెక్షన్ మాత్రమే రాసే చోట ఆపరేషన్ మాట రాదు. ఇద్దరినీ అడిగిన తరువాతనే మీకు రెండు వైపులా తెలుస్తాయి. వేలూరు సి.ఎం.సి.లో ఎండోక్రైనాలజీ విభాగం వారే స్థూలకాయానికి ప్రత్యేక క్లినిక్ నడుపుతారు. చిత్తూరు దాటితే ఎంతో దూరం లేదు కనుక రెండో అభిప్రాయానికి అదీ అందుబాటులోనిదే.

శస్త్రవైద్యుని ముందు కూర్చున్నప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, మొహమాటపడకండి. నాకు స్లీవ్ ఎందుకు, బైపాస్ ఎందుకు కాదు? ఈ ఆపరేషన్ మీరు స్వయంగా ఎన్ని చేశారు, పోయిన ఏడాది ఎన్ని? అందులో ఎందరికి లీకు అయింది, ఎందరిని మళ్లీ థియేటర్‌లోకి తీసుకువెళ్లారు? అయిదేళ్ల క్రితం చేసినవారిలో ఇప్పటికీ పరీక్షలకు వస్తున్నవారు ఎందరు? చివరి ప్రశ్నే అన్నింటికంటే పదునైనది. దానికి నిజాయితీ గల జవాబు చాలా చోట్ల ‘తక్కువ మందే’ అని వస్తుంది. ఆ మాట చెప్పగలిగిన వైద్యుడు, మీరు రాకపోతే తన సిబ్బంది ఎలా పిలిపిస్తారో కూడా చెబుతాడు. ‘మా దగ్గర ఒక్క ఇబ్బంది కూడా రాలేదు’ అన్నవారు చాలా తక్కువ చేసి ఉండాలి, లేదా లెక్క రాసుకోకుండా ఉండాలి. ప్యాకేజీలో ఏమేమి ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి: స్టేప్లర్ కాట్రిడ్జ్‌ల ధర అందులోదేనా, ఐసీయూలో పెట్టవలసి వస్తే ఎవరు భరించాలి, పది రోజుల తరువాత ఏదైనా తేడా వచ్చి చేరితే మళ్లీ కొత్త బిల్లేనా?

ఈ ‘పది రోజుల తరువాత’ అన్నది తిరుపతి మనిషికి ముఖ్యమైన సంగతి. నేను శస్త్రవైద్యుణ్ణి కాను. చెన్నైలోనో బెంగళూరులోనో చేయించుకుని వచ్చినవారిని తరువాత ఊళ్లో చూడవలసి వచ్చే సాధారణ వైద్యుల్లో ఒకణ్ణి. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువగా రాస్తాను. సాధారణంగా రెండో మూడో రోజున ఇంటికి పంపుతారు. లీకు మాత్రం మొదటి రెండు వారాల్లో ఎప్పుడైనా, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగా కూడా బయటపడవచ్చు. అంటే మీరు ఇంట్లో ఉన్నప్పుడే అన్నమాట. నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, ఆయాసం, పొట్టలోనో ఎడమ భుజంలోనో నొప్పి, ఏదో ఘోరం జరగబోతున్నదన్న కలవరం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. చెన్నై దాకా మూడు నాలుగు గంటల ప్రయాణం. రాత్రి పన్నెండింటికి మిమ్మల్ని ఎవరు చూడాలో ఆపరేషన్‌కు ముందే తేలి ఉండాలి. తిరుపతిలో సర్జన్, సీటీ స్కాన్, ఐసీయూ ఉన్న ఒక ఆసుపత్రిని ఎంచుకుని, అక్కడి వైద్యునితో మీ శస్త్రవైద్యుడు ముందుగానే ఫోన్‌లో మాట్లాడేట్టు చేయండి. మాట్లాడడానికి ఒప్పుకోని శస్త్రవైద్యుణ్ణి నేనైతే ఎంచుకోను.

డిశ్చార్జి కాగితంలో ఏమి ఉందో ఇంటికి రాకముందే చదివించుకోండి. ‘బరువు తగ్గించే ఆపరేషన్ జరిగింది’ అని ఒక్క వాక్యం రాసి పంపినవి నేను చూశాను. దానితో డ్యూటీ డాక్టరుకు ఏమీ తెలియదు. ఏ ఆపరేషన్, ఏ తేదీన, బైపాస్ అయితే పేగును ఎంత మేర తప్పించారు, లోపల పేగుల మధ్య ఏర్పడే సందులు కుట్టి మూశారా లేదా, రాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, ఇవన్నీ అందులో ఉండాలి. దాని ఫొటో మీ ఫోన్‌లోనూ, మీవారి ఫోన్‌లోనూ ఉంచండి. ఆ తరువాత ఏ జబ్బుకు ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా మొదట చెప్పవలసిన మాట ఇదే. వాంతులు ఆగకుండా రెండు మూడు రోజులు సాగితే గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్, అంటే విటమిన్ బి1, ఇవ్వాలి. లేకపోతే మెదడుకు శాశ్వతంగా హాని జరగవచ్చు. ముక్కులోంచి గొట్టం వేయవలసి వస్తే ఆపరేషన్ చేసినవారిని అడగకుండా వేయకూడదు. మీరు మోకాళ్లకు తెచ్చుకునే బిళ్లలు బహుశా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ జాతివే అయి ఉంటాయి. బైపాస్ తరువాత ఇవి జీవితాంతం కూడదు, అతుకు దగ్గర పుండు పడుతుంది. స్లీవ్ తరువాత కూడా వీలైనంత దూరంగా ఉండమంటారు. నొప్పికి పారాసిటమాల్ చాలు. షుగర్ మాత్రల మోతాదు ఆపరేషన్ రోజు నుంచే మారిపోతుంది. పాత మోతాదే వేసుకుంటే తిండి తగ్గిన మనిషికి షుగర్ పడిపోతుంది. దీన్ని చూసుకోవలసింది చెన్నై వారు కాదు, తిరుపతిలో మీ వైద్యుడు. అందుకే ఆయనను మొదటి నుంచీ కలుపుకుని వెళ్లమంటున్నాను.

చేయించుకున్నవారిని ఎక్కడ వెతకాలని అడిగారు. మీరు మాట్లాడబోయే శస్త్రవైద్యుని సిబ్బందిని, చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆపరేషన్ చేయించుకున్నవారిని వారి అనుమతితో కలపమని అడగండి. ఆసుపత్రి తనంత తానుగా చూపేది సంతోషంగా ఉన్నవారినే, అది సహజం. అందుకని మీరే ఇంకో రెండు రకాల వాళ్లను అడిగి తీసుకోండి: మూడేళ్లు దాటినవారు ఒకరు, ఏదో ఒక ఇబ్బంది పడి బయటపడినవారు ఒకరు. మీ ఎండోక్రైనాలజీ వైద్యుని ద్వారా మరొకరు దొరికితే ఆ మాటకు ఇంకా విలువ, ఎందుకంటే ఆ మనిషిని ఎంచింది ఆపరేషన్ చేసినవారు కాదు. ఆరు నెలలైనవారు బరువు గురించి చెబుతారు. మూడేళ్లు దాటినవారు పెళ్లి భోజనాల గురించి, మాత్రల ఖర్చు గురించి, జుట్టు గురించి చెబుతారు. (మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు బాగా రాలుతుంది, తరువాత చాలామందికి వస్తుంది, తలనీలాలు ఇచ్చే ఊళ్లో ఉండి కూడా దీనికి భయపడేవారు ఎక్కువే.)

మిమ్మల్ని చేర్చిన వాట్సాప్ గ్రూపులో వెంటనే ఏమీ రాయకుండా కొద్దిరోజులు గమనించండి. దాన్ని నడిపేది రోగులా, కేంద్రం వారి మార్కెటింగ్ సిబ్బందా? ఎవరైనా ‘మూడు రోజులుగా వాంతులు’ అని రాస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లమంటున్నారా, జీలకర్ర నీళ్లు తాగమంటున్నారా? ఫిర్యాదు చేసినవారి సందేశాలు మరునాటికి మాయమవుతున్నాయా? మంచి గ్రూపు ధైర్యం చెబుతుంది, వంటలు చెబుతుంది, పరీక్షల తేదీ గుర్తుచేస్తుంది. మందుల మోతాదు చెప్పదు. మీ రిపోర్టులు, ఆధార్, బీమా కార్డుల ఫొటోలు అందులో పెట్టకండి. బరువు తగ్గుతున్నప్పుడు మనసు మాత్రం తేలిక పడని రోజులు ఉంటాయి. ఆకలి లేకున్నా తినాలనిపించడం, అద్దంలో కొత్త మనిషిని చూసి తడబడడం, దిగులు, ఇవి రావచ్చు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపరేషన్‌కు ముందు మానసిక వైద్యుని దగ్గరకు పంపితే పిచ్చి అంటగట్టారని అనుకోకండి. ఆ సంప్రదింపు ఈ చికిత్సలో భాగం.

డబ్బు సంగతి క్లుప్తంగా. మీ బ్యాంకు గ్రూపు బీమా పాలసీ తీసి స్థూలకాయం అన్న మాట ఉన్న నిబంధన చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన వాక్యం ప్రకారం, వైద్యుని సలహా మీద, వైద్య ప్రమాణాలకు లోబడి, 18 ఏళ్లు దాటినవారికి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉంటే ఈ ఆపరేషన్ మినహాయింపు కిందికి రాదు. 35 దాటినవారికైతే గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), అదుపులేని టైప్ 2 షుగర్ వంటివి తోడై, ఇతర ప్రయత్నాలు విఫలమై ఉండాలి. మీరు మొదటి తరగతిలోకే వస్తారు. అయినా ఇన్నేళ్ల డైట్ చీటీలు, షుగర్ రిపోర్టులు, నిద్ర పరీక్ష ఫలితం ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టుకోండి; కంపెనీ నుంచి ముందస్తు అనుమతి రాతలో వచ్చాకే ఆసుపత్రిలో చేరండి. ప్రభుత్వ పథకాల మీద ఆధారపడేవారు ఆసుపత్రిలోని పథకం డెస్కు వద్ద ఆపరేషన్ పేరు చెప్పి, ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూపించమనాలి. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారిది. మల్టీవిటమిన్, బి12, ఇనుము, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి, మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకూ ఆ పైన ఏటా రక్తపరీక్షలు మాత్రం జీవితమంతా ఉంటాయి, వాటిని బీమా సాధారణంగా ఇవ్వదు. పిల్లల ఆలోచన ఇంకా ఉంటే, ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలలు గర్భం దాల్చకూడదని తెలుసుకోండి. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు కనుక వేరే పద్ధతి అడగండి.

మీ అత్తగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మీ మొదటి మూడు నెలలు ఆవిడ చేతిలో ఉంటాయి. ‘లక్షణమైన కడుపు’ అన్న మాటను వాదించి గెలవాలని చూడకండి. దానికి బదులు ఆవిడకు పని చెప్పండి. ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ద్రవాహారం ఇస్తారు, కాలేయం కొంచెం కుంచించుకుని శస్త్రవైద్యునికి చోటు దొరకాలని. తరువాత రెండు వారాలు పలుచని ద్రవాలు, ఆ పైన మెత్తగా మెదిపినవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. వడగట్టిన పప్పుకట్టు, మజ్జిగ, చికెన్ రసం, ఆ తరువాత మెత్తటి గుడ్డు, చేప, పనీరు, పెసరపప్పు, ఇవి మీ వంటింట్లో తెలియనివి కావు. తెలియవలసింది కొలత, వరుస. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పడాలి, పళ్లెంలో మొదటి ముద్ద దానిదే కావాలి. తింటూ నీళ్లు తాగకూడదు; తిన్న అరగంట తరువాతే.

మన జిల్లాలో ఒక చిక్కు అదనంగా ఉంది. రాగి సంగటిని మనం నమలం. ముద్ద చేసి, పులుసులో అద్ది మింగుతాం, నమిలేవాణ్ణి చూసి నవ్వుతాం. ఆపరేషన్ తరువాత ఏ ముద్దనైనా నీరయ్యేదాకా నమలాలి. మింగిన సంగటి ఆ సన్నని దారిలో అడ్డం పడితే రొమ్ములో నొప్పి, నోట నురగ, వాంతి. మొదటి నెలల్లో సంగటి వద్దు. తరువాత తిన్నా, చెంచాతో నిమ్మకాయంతలో సగం, నమిలి. శనివారం ఒక్కపొద్దులు మొదటి ఏడాది మానేయండి, ఎందుకంటే పగలంతా పస్తుండి రాత్రి ఒక్కసారిగా తినే కడుపు మీకిక ఉండదు. మొక్కు సంగతి వైద్యుడు చెప్పాడంటే ఆవిడా ఒప్పుకుంటారు. నిశ్చితార్థాల్లో, పేరంటాల్లో ‘ఇంకొంచెం వేయించుకో’ అని చేయి పట్టుకునే బంధువులకు సమాధానం చెప్పగలిగినది మీకంటే ఆవిడే.

ఆపరేషన్‌కు ముందు డైటీషియన్ అపాయింట్‌మెంటు ఒకటి తప్పక ఉంటుంది. దానికి మీవారు ఒక్కరే వస్తే చాలదు, మీ అత్తగారినీ తీసుకువెళ్లండి. వంట ఆవిడది గనుక ప్రశ్నలు ఆవిడే అడుగుతారు.